ప్రపంచీకరణతో మన ఇంటికి మేలు జరిగిందా, కీడా?

మాది లాడ్ బజార్‌లో లక్క గాజుల పని. నాన్న ఇప్పటికీ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, వేడి లక్కను సాగదీసి గుండ్రంగా వంచి, చల్లారేలోపే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. వేళ్ల చివర్లు ఎప్పుడో మొద్దుబారాయి. పక్క దుకాణంలో మిషన్ గాజులు మా ధరలో సగానికే దొరుకుతాయి, బయటి దేశం సరుకు. అయితే ఇల్లు నడిచేది హైటెక్ సిటీలో అమెరికా కంపెనీకి పనిచేసే మా చెల్లి జీతంతో. ఏమనుకోవాలో తెలియడం లేదు.

జవాబు 1:
తమ్ముడూ, 1991లో పీవీ, మన్మోహన్ సింగ్ విదేశీ వ్యాపారానికి తలుపులు తెరవకపోతే 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ వచ్చేది కాదు. మీ చెల్లికి ఆ ఉద్యోగమూ ఉండేది కాదు. నేనైతే మేలే అంటాను.

జవాబు 2:
నేను మందుల ఫ్యాక్టరీలో చేస్తాను. మా మాత్రలు అమెరికా వెళ్తాయి, వాటి ముడిసరుకు చైనా నుంచి రావాలి. 2020లో అక్కడ ఫ్యాక్టరీలు మూతపడితే ఇక్కడ మాకు నిద్ర పట్టలేదు. గోదాంలో ఎన్ని డ్రమ్ములు మిగిలాయో రోజూ లెక్కపెట్టుకునేవాళ్లం. అమ్మకానికి తలుపులు తెరవడం మంచిదే, మొత్తం ఒక్క దేశం మీదే ఆధారపడటం తప్పు.

జవాబు 3:
హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కదా అన్నా. మిషన్ గాజుల అమ్మకాన్ని అది ఆపలేదు గానీ, మన పేరు పెట్టుకుని ఇంకెవరూ అమ్మకూడదు. డబ్బా మీద ఆ ముద్ర వేయించండి. విదేశాల్లో మనవాళ్లు పెళ్లిళ్లకు వెతుక్కుని మరీ కొంటారు.

అడిగినవారు:
ముద్ర సంగతి రేపే కనుక్కుంటాను. నాన్న దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు. నా బాధ అదే.