‘పొందే వడి’యా, ‘పొందే వేగమా’?

ఇంటర్ ఫిజిక్స్ తెలుగు మీడియంలో చదివినవాళ్లు సాయం చెయ్యాలి. ధనావేశం చుట్టూ ఉన్న క్షేత్రంలో ప్రోటాన్‌ను వదిలిపెట్టే లెక్క ఒకటుంది. ‘అనంత దూరం చేరేసరికి అది పొందే…’ అని ముగుస్తుంది. ఆ తర్వాతి మాట ‘వడి’యా (స్పీడ్), దిశ కూడా కలిసిన ‘వేగమా’ (వెలాసిటీ)? మేనకోడలికి చెబుతూ ‘వేగం’ అనేశాను. అప్పటి నుంచీ మనసు ఒప్పుకోవడం లేదు.

—

వడే అయ్యుండాలండీ. ఒక నానో కులూంబ్ ఆవేశానికి 10 సెంటీమీటర్ల దూరంలో పొటెన్షియల్ 90 వోల్టులు. అక్కడ వదిలిన ప్రోటాన్ స్థితిజ శక్తి మొత్తం గతిజ శక్తిగా మారితే సెకనుకు దాదాపు 131 కిలోమీటర్లు వస్తుంది. వర్గమూలం తీసి తెచ్చుకున్న సంఖ్య అది. అందులో దిశ ఎక్కడుంది?

—

దిశ లేకేం మాస్టారూ! క్షేత్రం వ్యాసార్ధం వెంట బయటికే పోతుంది. కదలకుండా ఉంచి వదిలిన ప్రోటాన్ కూడా ఆ గీత మీదే పోతుంది. ‘వేగం’ అన్నా తప్పు లేదు.

—

‘ర్థ’ పెట్టకుండా వ్యాసార్ధం అని రాసినందుకు ముందు సంతోషం. కానీ అమ్మా, దిశ మనకు తెలిసి ఉండడం వేరు, లెక్కలోంచి రావడం వేరు. ప్రోటాన్‌ను మొదట్లోనే పక్కకు నెట్టామనుకోండి, వంకరదారి పడుతుంది. ఎటు నెట్టినా, నెట్టిన వడి ఒకటే అయితే చివరి వడీ ఒకటే. మారేది దిశ. పొటెన్షియల్ చెప్పగలిగింది వడి వరకే.

—

వడి అనగానే నాకు పోతన లక్ష్మీదేవే కళ్లముందుకొస్తుంది. ‘అడిగెద నని కడువడి జను’. భర్త ఎక్కడికి పరుగెడుతున్నాడో అడగాలని వెళ్తుంది, చెప్పడేమోనని ఆగుతుంది. వెళ్లే వైపు మారలేదు, మారిందల్లా వడే. పోతన ఎంత సరిగ్గా వాడాడో చూడండి.

—

అక్కా, అరసున్న వదిలేశారు. ‘కడువడిఁ జను’. ‘వడిన్’ చివరి ‘న్’, అంటే ద్రుతం, అక్కడ అరసున్న అయింది, దానివల్లే ‘చను’ కాస్తా ‘జను’ అయింది. అది లేకపోతే ‘వడితో’ అనే అర్థానికి ఆధారమే ఉండదు.

—

ఒప్పుకున్నాను తమ్ముడూ, ఫోన్‌లో తొందరలో పోయింది. మరి ఇదీ గమనించావా? మొదటి పాదం పన్నెండూ లఘువులే, పరుగు. రెండో పాదం చివర ‘నడ యుడుగున్’ దగ్గరే మొదటి గురువు పడుతుంది. నడక ఆగిన చోటే పద్యమూ ఆగింది!

—

కందంలో రెండో పాదం చివర గురువు ఉండి తీరాలి కదండీ, అది ఛందస్సు పెట్టిన నియమం.

—

నియమం ఛందస్సుది. ఆ నియమం పడే చోటికి ‘ఉడుగున్’ అనే మాటను తెచ్చి నిలబెట్టింది పోతన. నాకు ఆ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైంది అదే.

—

ఛందస్సు మాట వచ్చింది కాబట్టి, యతికి కూడా వడి అనే పేరుంది. పరుగుకీ విరామానికీ ఒకటే మాట ఎలా వచ్చింది? యతికే మరో పేరైన ‘వళి’ నుంచి వచ్చిన వడి వేరే మాట అని నా నమ్మకం.

—

‘వళి’ మీద విడిగా మాట్లాడుకుందాం, నాకు చాలా చెప్పాలని ఉంది.

—

అందరికీ నమస్కారం. మేనకోడలికి ‘వడి’ అని దిద్ది చెప్పాను, 131 కూడా వేయించాను. కానీ పుస్తకంలో ఏముందో ఇంకా తేలలేదు. పాత పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.