చర్చ: 30 పౌండ్లకు పాడిన గాయని ఆ పాటకు స్వరకర్త కూడా అవుతారా?

పాతరికార్డు:
ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం 1973లో వెలువరించిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌లో, మొదటి వైపు చివర వచ్చే 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'కి మూడు దశాబ్దాల పాటు కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ ఒక్కరే స్వరకర్తగా ఉండేవారు. మాటలు లేని ఆ పాటను పాడిన క్లేర్ టోరీ 2004లో లండన్ హైకోర్టును ఆశ్రయించగా, మరుసటి ఏడాది రాజీ కుదిరి, ఆ తర్వాతి ముద్రణలలో రైట్ పేరు పక్కన ఆమె పేరు కూడా చేరింది.

ఆమె గాత్రం గొప్పదనడంలో నాకు సందేహం లేదు కానీ, ఈ మార్పును మాత్రం నేను అంగీకరించలేను. 1972 కచేరీలలోనే ఈ రచన ఆర్గాన్ మీద, టేపులో వినిపించే మతపరమైన ప్రసంగాలతో కలిసి శ్రోతల ముందుకు వచ్చింది. టోరీ 1973 జనవరిలో ఒక ఆదివారం అబ్బీ రోడ్ స్టూడియోకు వచ్చి, ఆదివారం కనుక రెట్టింపు రేటుగా 30 పౌండ్లు తీసుకుని, కొద్ది గంటల్లో పాడి వెళ్లారు. మన కచేరీలో త్యాగరాజ కృతికి ముందు విద్వాంసుడు అరగంట రాగాలాపన చేసినా కృతి త్యాగరాజుదే అంటాం కదా? మనోధర్మానికి చప్పట్లు కొడతామే తప్ప, దాన్ని బట్టి వాగ్గేయకారుడి పేరు మార్చము.

మెట్లదారి:
మీరు తెచ్చిన పోలికే మీ వాదనకు అడ్డు వస్తోందండీ. కృతికి పల్లవి, చరణాల మెట్టు ముందే ఉంటుంది. ఆలాపన విద్వాంసుడిని బట్టి, రోజును బట్టి మారుతుంది. ఇక్కడ టోరీ రాకముందు పియానో మీద కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరుస ఉంది కానీ, దాని మీద పాడవలసిన మెట్టు అంటూ లేదు. మాటలు లేవని, ఏం పాడాలో కూడా ఇదమిత్థంగా తెలియదని చెప్పి ఆమెను మైక్ ముందు నిలబెట్టారు. మొదట 'బేబీ' వంటి మాటలతో ప్రయత్నిస్తే వద్దన్నారు. అప్పుడు తన గొంతునే ఒక వాద్యంగా భావించుకుని పాడానని ఆమె తర్వాత చెప్పారు. ఆ ప్రయత్నాలలోని భాగాలను కలిపి, మనం నేడు వింటున్న గాత్రాన్ని కూర్చారు.

ఇప్పుడు ఆ తర్వాతి కచేరీలను గమనించండి. 1988, 1994 యాత్రలలో ముగ్గురు గాయనులు ఈ పాటను పంచుకుని పాడారు. ఎవరి గొంతు వారిదే అయినా, ఎక్కడ ఎగబాకాలో, ఎక్కడ గుసగుసగా దిగాలో టోరీ గీసిన దారినే వారు పట్టుకున్నారు. ఒకరు అప్పటికప్పుడు పాడినదాన్ని తర్వాతివారు నేర్చుకుని తిరిగి పాడవలసి వస్తోందంటే, దాన్ని రచన కాక మరేమంటారు?

చట్టంమాట:
ఇద్దరూ రెండు వేర్వేరు హక్కులను కలిపేస్తున్నారు. 30 పౌండ్లు పాడిన శ్రమకు ఇచ్చిన కూలి; స్వరరచన మీద హక్కు వేరు, లిఖితపూర్వకంగా బదలాయించనంత వరకు అది రచయితను వదిలిపోదు. మన 1957 కాపీరైట్ చట్టం కూడా, స్వరలిపిలో రాసినా రాయకపోయినా, సంగీతాన్ని కూర్చినవారినే స్వరకర్తగా గుర్తిస్తుంది. టోరీ విషయంలో రాజీ కుదిరింది కనుక సూత్రాన్ని తేల్చే తీర్పు రాలేదు. ప్రోకల్ హారమ్ అనే మరో బృందం పాడిన 1967 నాటి 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' పాటలోని ఆర్గాన్ భాగం గురించి మాథ్యూ ఫిషర్ వేసిన దావాలో అది వచ్చింది. 2006లో హైకోర్టు ఆయనకు స్వరరచనలో 40 శాతం వాటా ఇచ్చింది. 2008లో అప్పీలు కోర్టు స్వరకర్తగా ఆయన పేరును ఉంచింది కానీ, ఇంత ఆలస్యంగా వచ్చారన్న కారణంతో డబ్బులో వాటా కాదంది. 2009లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాటాను పునరుద్ధరించింది. కాబట్టి 'ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు' అన్న ప్రశ్న ఒక్కటే హక్కును చెరిపివేయదు.

పాతరికార్డు:
ఫిషర్ ప్రోకల్ హారమ్ సభ్యుడు, టోరీ బయటి నుంచి వచ్చిన గాయని. ఈ తేడా చిన్నది కాదు. సరే, గీత ఎక్కడ గీస్తారు? ఇదే ఆల్బమ్‌లోని 'మనీ', 'అజ్ అండ్ దెమ్' పాటలలో, బయటి నుంచి వచ్చిన డిక్ ప్యారీ వాయించిన సాక్సొఫోన్‌ను తీసేస్తే ఆ పాటలు సగం బోసిపోతాయి. 'టైమ్' పాట ఆరంభంలో మోగే గడియారాలను అంతకుముందే వేరే అవసరానికి రికార్డు చేసి తెచ్చింది ఇంజనీర్ అలన్ పార్సన్స్. ఆయన ఈఎంఐ అనే రికార్డు కంపెనీ జీతగాడు. టోరీని పిలిపించమని సూచించిందీ ఆయనే. మనం మాట్లాడుకుంటున్న ఈ పాటలోనే చావంటే భయం లేదని చెప్పే గొంతు అబ్బీ రోడ్ ద్వారపాలకుడిది. వీరందరూ స్వరకర్తలేనా?

మెట్లదారి:
గడియారాలు తెచ్చినవారు ధ్వనిని సమకూర్చారు, ద్వారపాలకుడు అడిగిన ప్రశ్నకు జవాబిచ్చాడు. వీరిని స్వరకర్తలని నేనూ అనను. ప్యారీ సంగతి మాత్రం అంత తేలిక కాదని ఒప్పుకోవాలి. అయితే 'అజ్ అండ్ దెమ్'లో సాక్సొఫోన్‌కు ముందే పాడే మెట్టు ఉంది, మాటలున్నాయి. అది లేకపోయినా ఆ పాటను గుర్తుపడతాం. 'గ్రేట్ గిగ్'లో గాత్రాన్ని తీసేస్తే మిగిలేది రైట్ పియానో. అది చాలా అందమైనదే, నాకు ప్రాణం కూడా, కానీ ఆ పాట అనగానే జనం కూనిరాగం తీసేది దాన్ని కాదు.

పైగా ఆ ఆల్బమ్ అట్ట మీది పేర్లన్నీ కొలిచి వేసినవని మీరు అనుకుంటున్నట్లున్నారు. మొదటి భాగమైన 'స్పీక్ టు మీ' సుమారు ఒక నిమిషం శబ్దాల కూర్పు, దానికి బృందంలోని డ్రమ్మర్ నిక్ మేసన్ ఒక్కరి పేరే ఉంది. దాన్ని తానే కానుకగా ఇచ్చానని, ఇచ్చినందుకు తర్వాత విచారించానని బృంద సభ్యుడు రోజర్ వాటర్స్ అన్నారు. ఆ కూర్పు తనదేనని మేసన్ మాట. 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆల్బమ్‌లో ఒక నిమిషపు రచన హక్కు బృందం లోపల కానుకగా చేతులు మారగలిగినప్పుడు, దాదాపు ఐదు నిమిషాల పాటలో వినిపించే మెట్టు కట్టిన మనిషికి సగం పేరు దక్కితే, నియమం తప్పిందని ఆమె దగ్గరే ఎందుకు ఆగుతున్నారు?