స్పెల్ కంపెండియంకి రెండో భాగం వస్తుందా? రాకపోతే మేమే ఎట్ల కూర్చుకోవాలి?

ప్రశ్న (తిరుపతి, బాలాజీ కాలనీ):
అందరికీ నమస్తే. మేము ఐదుగురం ఆదివారాలు కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసుకుని కథ నడిపే ఆట ఆడతాము. ఇప్పటికీ పాత 3.5 ఎడిషన్ నియమాలే. మా టేబుల్ మీద అన్నిటికంటే ఎక్కువ నలిగిన పుస్తకం 2005 డిసెంబర్‌లో వచ్చిన స్పెల్ కంపెండియం. వెయ్యికి పైగా స్పెల్స్ (మంత్రాలు) ఒకే చోట ఉండాయి. కానీ దాని తర్వాత వచ్చిన పుస్తకాల స్పెల్స్ మళ్లీ చెల్లాచెదురు. మా క్లెరిక్‌కి (పూజారి పాత్ర) కావాల్సింది ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ టూలో, విజార్డ్‌కి (మాంత్రికుడి పాత్ర) కావాల్సింది కంప్లీట్ మేజ్‌లో, ఇంకొకటి డ్రాగన్ మ్యాజిక్‌లో. కొట్లాట మధ్యలో ఆట ఆపి పేజీలు తిరగేయాల్సి వస్తాండాది. రెండో భాగం మీద ఆశ పెట్టుకోవచ్చునా? లేదంటే మేమే టైప్ చేసి జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించుకోవచ్చునా?

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట):
తమ్ముడూ, 3.5కి రెండో భాగం రాదనే అనుకో. ఆ రోజుల్లో మేమూ ఎదురుచూసినాము. 2007 మార్చిలో మ్యాజిక్ ఐటం కంపెండియం వచ్చింది, అక్టోబర్‌లో రూల్స్ కంపెండియం వచ్చింది. వరస చూస్తే తర్వాత స్పెల్స్ రెండో సంపుటమే అనిపించింది. కానీ ఈ రెండింటి మధ్యలో, ఆగస్టులోనే, నాలుగో ఎడిషన్ ప్రకటించేసినారు. సెప్టెంబర్‌లో ఈ ఆటకున్న డ్రాగన్ పత్రిక 359వ సంచికతో అచ్చు ఆగిపోయింది. 2008 జూన్‌కి కొత్త ఎడిషన్ పుస్తకాలు అంగళ్లలో ఉండాయి. పాత ఎడిషన్‌కి కొత్త సంకలనం వేసే దారి అక్కడితో మూసుకుపోయింది. 2013లో స్పెల్ కంపెండియాన్ని మళ్లీ అచ్చేసినప్పుడు చాలామందికి ఆశ లేచింది, కానీ అది పాత పుస్తకమే, కొత్త అట్టతో. ఆ తర్వాత కంపెనీ 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2025 మాన్‌స్టర్ మాన్యువల్ లాంటి కొత్త పుస్తకాల మీదికి పోయింది. కాబట్టి ఎదురుచూడొద్దు, మీరే కూర్చుకోండి.

జవాబు (తిరుపతి, కొర్లగుంట):
అన్న చెప్పింది నిజం. అయినా ఆ కోరిక వృథా అని నేననను. మూలలోకి పోయిన స్పెల్స్‌ని వెతికి తెచ్చి, సరిచేసి, ఆటకు పనికొచ్చేలా ఒక్కచోట పెట్టడం చాలా మంచి పని. అసలు ఆ పుస్తకం విలువ లెక్కలో లేదు, దిద్దుబాటులో ఉంది. అంతకుముందు పుస్తకాల్లోనూ పత్రికలోనూ వచ్చిన స్పెల్స్‌ని మళ్లీ చూసి, కొన్నింటి లెవల్ మార్చారు, కొన్నింటి పేర్ల ముందున్న మాంత్రికుల పేర్లు తీసేశారు. ఒకే స్పెల్ రెండు పుస్తకాల్లో వేర్వేరుగా ఉంటే కంపెండియంలో ఉన్నదే చెల్లుతుంది. మీరు కూర్చేటప్పుడు మొదట పెట్టుకోవలసిన నియమం కూడా ఇదే: ఏది తర్వాత వచ్చిందో అదే మీ టేబుల్ మీద లెక్క. ఇది ముందే అందరూ ఒప్పుకోకపోతే ప్రతి ఆదివారం వాదనే.

రెండో విషయం, పుస్తకంలో ఉంది కదా అని అన్నీ లోపలికి రానివ్వకండి. లెస్సర్ విగర్ చూడండి. మొదటి లెవల్ వైద్యం స్పెల్, రౌండ్‌కి (అందరికీ ఒక్కో వంతు వచ్చేంతసేపు) ఒక హిట్ పాయింట్ (ప్రాణబలం) చొప్పున తిరిగొస్తుంది. మొదటి కాస్టర్ లెవల్‌లో (స్పెల్ వేసేవాళ్ల స్థాయి) 11 రౌండ్లు, అంటే 11 పాయింట్లు. అదే లెవల్‌లో క్యూర్ లైట్ వూండ్స్ సగటున ఐదున్నర ఇస్తుంది. 50 ఛార్జీల వాండ్ (50 సార్లు ఆ స్పెల్ వేసే మంత్రదండం) రెండింటికీ 750 బంగారు నాణేలే. లెస్సర్ విగర్‌ది 550 పాయింట్లు, క్యూర్‌ది సుమారు 275. కొట్లాట మధ్యలో క్యూర్ స్పెల్ అవసరమే, గాయం వెంటనే మానాలి కాబట్టి. కొట్లాట అయ్యాక మాత్రం దాన్ని ఎవరూ ముట్టుకోరు. మా టేబుల్‌లో లెస్సర్ విగర్‌ని ఉంచాం, ఎందుకంటే క్లెరిక్ ఆడే అమ్మాయి తన స్పెల్స్ అన్నీ వైద్యానికే ఖర్చు చేయకుండా కథలో పాల్గొనగలిగింది. రైత్‌స్ట్రైక్‌ని మాత్రం తీసేశాం. స్విఫ్ట్ యాక్షన్‌తో, అంటే దెబ్బ వేసే వంతు పోకుండానే, ఆ రౌండ్ కత్తి దెబ్బలన్నీ కవచాన్ని లెక్కచేయని టచ్ అటాక్‌లైపోతే కవచం వేసుకున్న శత్రువుకి అర్థమే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఇది చాలా సాయం. టైప్ చేయడం సంగతి చెప్పండి. ఎస్వీ యూనివర్సిటీ దగ్గర షాపులో స్పైరల్ బైండింగ్ చేయించాలని మా వాళ్లకు ఒకటే తొందర.

జవాబు (తిరుపతి, కొర్లగుంట):
స్పెల్ వివరణలు ఉన్నదున్నట్టు టైప్ చేయొద్దు. 3.5లో ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద స్వేచ్ఛగా వాడుకోగలిగింది ఎస్ఆర్‌డీలో (కంపెనీ అందరికీ విడుదల చేసిన నియమాల పత్రం) ఉన్న స్పెల్సే. కంపెండియంలోని రాత దాని కిందికి రాదు. వివరణలు ఎత్తి రాసిన బైండింగ్ నాలుగు చేతులు మారితే అది ఇంట్లో ఆట కాదు, పుస్తకం పంచిపెట్టడం. మీకు నిజంగా కావాల్సింది కూడా రాత కాదు, ఎక్కడుందో తెలియడం. సూచిక చేసుకోండి. గూగుల్ షీట్‌లో స్పెల్ పేరు, ఏ క్లాస్‌కి ఏ లెవల్, స్కూల్ (స్పెల్ రకం), ఎంతసేపు ఉంటుంది, ఏ సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక), ఏ పుస్తకం, ఏ పేజీ. ఒక్క వాక్యంలో మీ సొంత మాటల్లో అది చేసే పని. అంతే. క్లాస్ ప్రకారం, లెవల్ ప్రకారం సర్దుకుంటే మీ క్లెరిక్‌కి రెండు మూడు కాగితాలు, విజార్డ్‌కి ఇంకాస్త ఎక్కువ. ఏ4 కాగితం అడ్డంగా తీయిస్తే చదవడానికి వీలు. ఐదుగురూ తలా ఒక పుస్తకం పంచుకోండి, ఒకరి మీద పడితే పని మధ్యలో ఆగుతుంది. పాత పుస్తకాలు దొరక్కపోతే డీఎమ్స్ గిల్డ్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు కొనుక్కోవచ్చు.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట):
ఇంకొక దారి కూడా ఉండాది. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆటను ఈ 3.5 ఎముకల మీదే కట్టినారు. దాని 2011 నాటి పుస్తకం అల్టిమేట్ మ్యాజిక్‌లో స్పెల్స్ చాలా ఉండాయి, ఓపెన్ లైసెన్స్ కిందే. మీరు కోరే రెండో భాగానికి అన్నిటికంటే దగ్గరిది అదే. సేవ్ డీసీ (స్పెల్ తప్పించుకోవడానికి పాచికతో అందుకోవాల్సిన అంకె) లెక్క రెండింటిలోనూ ఒకటే: పది, దానికి స్పెల్ లెవల్, దానికి ఎబిలిటీ మాడిఫయర్ (తెలివి లాంటి గుణానికి వచ్చే అంకె). ఆకారం మార్చే పాలిమార్ఫ్ రకం స్పెల్స్ మాత్రం అందులో పూర్తిగా తిరగరాసినారు, వాటిని కలపొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఒక్కటి అడిగి ముగిస్తా. మేము తిరుపతి గంగ జాతర వరసను కథగా తీసుకుని ఒక ఆట రాస్తాండాము. పాలెగాడు దాక్కున్నాడు, వెతికేవాళ్లు రోజుకొక వేషంలో ఊరంతా తిరగాలి. పూటంతా నిలిచే వేషం స్పెల్ కావాలి. ఏ లెవల్ పెట్టాలి?

జవాబు (తిరుపతి, కొర్లగుంట):
కథ చాలా బాగుంది. బైరాగి, బండ, తోటి, దొర, ఇలా వేషాల వరసే మీకు సాహసయాత్ర ప్రణాళిక అవుతుంది. అమ్మవారి పేరు మాత్రం స్పెల్‌కి పెట్టొద్దు, ఇక్కడ అది మొక్కుబడి, ఇంటింటి నమ్మకం. ఊరి పేరు, దేవత పేరు మార్చి కథ నడక ఉంచుకోండి.

లెవల్‌కి పాత స్పెల్స్ మధ్య పెట్టి చూడండి. డిస్గైజ్ సెల్ఫ్ మొదటి లెవల్, కాస్టర్ లెవల్‌కి పది నిమిషాలు, తనకు మాత్రమే. సీమింగ్ ఐదో లెవల్, 12 గంటలు, ఒకేసారి పలువురికి. మీది 12 గంటలు, ఒక్కరికే. కాబట్టి మూడో లెవల్ పెట్టండి. వేషం వేసినంతసేపూ తన అసలు పేరు పలికితే స్పెల్ తెగిపోతుందన్న షరతు చేరిస్తే రెండుకి దించొచ్చు. ముందు మూడుతోనే రెండు ఆదివారాలు ఆడి, విజార్డ్ ఆడే అబ్బాయి రోజూ దాన్నే సిద్ధం చేసుకుంటున్నాడా లేదా చూసి, అప్పుడు సూచికలో రాయండి.