కొత్త ఇంటి వైరింగ్: ఎంసీబీలు ఉంటే ఆర్‌సీసీబీ అక్కర్లేదా?

ఇంటికి స్లాబు పడింది, గోడలు కొట్టి వైరింగ్ పైపులు పెడుతున్నారు. ప్లాస్టరింగ్ అయ్యాక మళ్లీ పగలగొట్టలేం కదా, అందుకే ఇప్పుడే అడుగుతున్నా.

మా ఎలక్ట్రీషియన్ "ఎంసీబీలు ఉన్నాయిగా, ఆర్‌సీసీబీ దండగ" అంటున్నాడు. నాకు తెలిసినంతవరకు లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఎంసీబీ పడిపోతుంది గానీ, మనిషికి షాక్ కొడితే దానికి పట్టదు. అందుకు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీయే దిక్కు. కానీ ఇల్లంతటికీ ఒక్కటే పెడితే, గీజర్‌లో చిన్న లీకేజీ వచ్చినా మొత్తం చీకటే కదా? బాత్రూములకు, వంటింటికి విడివిడిగా పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి, గీజర్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలంటాడు, నేను 4 వేయమంటున్నా. ఇది అతిజాగ్రత్తేనా? (మా ఆవిడ అదే అంటోంది.) ఫాల్స్ సీలింగ్‌లో ఎల్‌ఈడీ డ్రైవర్లకు (లైట్లకు తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బాలు) గాలి ఆడేలా మీరెంత ఖాళీ వదిలారో కూడా చెప్పండి.