మియాపూర్‌కి మారుతున్నాం, ఇంటి ఫోన్‌కి ఏ కనెక్షన్ మంచిది?

వచ్చే నెల మలక్‌పేట నుంచి మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాం. అమ్మకి సెల్‌ఫోన్ అలవాటు కాలేదు, పెద్ద బటన్ల ల్యాండ్‌లైన్ ఉంటేనే ధైర్యం. ఇప్పుడున్నది బీఎస్ఎన్ఎల్ పాత రాగి తీగ లైను, కరెంటు పోయినా మోగుతుంది. కొత్తచోట అంతా ఫైబరేనట. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ మూడూ నెట్‌తో పాటు ఫోనూ ఇస్తాయి కానీ, మోడెమ్‌కి కరెంటు లేకపోతే ఫోనూ మూగబోతుంది. అక్కడ జనరేటర్ లిఫ్టుకే, ఇళ్లకి లేదు. చిన్న యూపీఎస్ పెడితే ఎంతసేపు ఆగుతుంది?

ఇంకోటి, బంధువులందరి డైరీల్లో ఉన్నది మా 040 నంబరే. బీఎస్ఎన్ఎల్‌లోనే ఉండి షిఫ్టింగ్‌కి పెట్టుకుంటే అదే నంబరు ఉంటుందా, ఎక్స్ఛేంజి మారితే పోతుందా? అటువైపు ఈమధ్య చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నెట్ స్పీడు ఎంతైనా పర్లేదండీ, అమ్మకి మాట స్పష్టంగా వినపడాలి.