బ్యాటరీ దిగిపోయిన విమానం ఫ్యాను చేత్తో తిప్పారు, అది కదిలిపోయింది

భీమవరం నాన్న: మా వాడు వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడండి. పోయిన వారం అక్కడ రెండు సీట్ల ట్రైనర్ విమానానికి బ్యాటరీ దిగిపోతే, ఒకాయన ముందు నిలబడి ప్రొపెల్లర్ చేత్తో లాగాడట. ఇంజను అందుకుంది. లోపల ఎవరూ లేరు. దానంతటది నడిచి పక్కనున్న విమానం రెక్కని గుద్దేసింది. ఆయన పక్కకి దూకి బతికాడు. పార్కింగ్ బ్రేకు వేసే ఉందంటున్నారు, మరి ఎలా కదిలింది?

రిటైర్డ్ మెకానిక్, అమలాపురం: బ్రేకు ఒక్కదాన్నే నమ్మకూడదండి. అసలు అనుమానం థ్రాటిల్ మీద, అంటే ఇంజను వేగం పెంచే మీట మీద. త్వరగా అందుకోవాలని కాస్త ఎక్కువ తెరిచి ఉంటారు. చేత్తో తిప్పక తప్పదంటే చక్రాలకి అడ్డం పెట్టాలి, తోక తాడుతో కట్టాలి, లోపల తెలిసిన పైలట్ బ్రేకు మీద కాళ్లు పెట్టి కూర్చోవాలి. నన్నడిగితే బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి ఓ పూట ఆగడమే మేలు. మీ వాడైతే ఆ పని జోలికే పోకూడదు.

అయినవిల్లి రైతు: బ్యాటరీ చచ్చాక ఇంజను ఎలా అందుకుందండీ? మా ఆయిలింజను హ్యాండిల్ లాగానా?

మెకానిక్: కాదండి, మీది డీజిల్, దానికి స్పార్కుతో పనిలేదు. మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్‌ని తలుచుకోండి. తాడు లాగితే మాగ్నెటో తిరిగి, బ్యాటరీ లేకుండానే స్పార్కు పుడుతుంది. ఈ ట్రైనర్లలో అలాంటివి రెండుంటాయి. స్ప్రేయర్‌కి స్టాప్ స్విచ్ వైరు తెగితే ఏమవుతుంది?

రైతు: ఎంత నొక్కినా ఆగదండి. చోక్ మూసేస్తాం.

మెకానిక్: ఆయ్, అదే. ఇంట్లో వైరు తెగితే బల్బు ఆరిపోతుంది. ఇక్కడ తిరకాసు. స్విచ్ ఆఫ్ చేస్తే మాగ్నెటో ఎర్త్ అవుతుంది, అంతే. ఆ ఎర్త్ వైరు తెగితే ఆఫ్‌లో ఉన్నా స్పార్కు బతికే ఉంటుంది. సిలిండర్‌లో కాస్త పెట్రోలు మిగిలితే చాలు, ఊరికే చేత్తో కదిపిన ప్రొపెల్లర్ కూడా తన్నొచ్చు. ఫొటో కోసం దాని మీద చెయ్యేసి నిలబడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

భీమవరం నాన్న: రిపోర్టు రాయొద్దు, పరువు పోతుందన్నారట.

మెకానిక్: అది మరీ తప్పండి. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధంలోనే ఉంది, దర్యాప్తు ఉన్నది మళ్లీ జరక్కుండా చూడ్డానికి, తప్పెవరిదో తేల్చడానికి కాదని. మీ వాడు చూసింది చూసినట్టు తేదీతో కాగితం మీద పెట్టుకోమనండి.

భీమవరం నాన్న: ఇప్పుడే ఫోన్ చేశానండి. ఇంజను ఆపాక స్విచ్ తాళంచెవి తీసి, బయటికి కనపడేలా అద్దం దగ్గర పెడతామన్నాడు.

మెకానిక్: మంచిదే. కానీ అది స్విచ్ సంగతి చెబుతుంది, వైరు సంగతి చెప్పదు. ఆపే ముందు ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్క క్షణం ఆఫ్‌కి తిప్పి, వేగం పడిపోతుందో లేదో చూస్తున్నారా? పడిపోకపోతే వైరు పోయినట్టే.

భీమవరం నాన్న: అడిగాను. "ఒక్కోసారి" అన్నాడు.

మెకానిక్: అయితే రేపు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, ఆ విమానం మాన్యువల్లో ఎలా ఉందో చూసి చేయమనండి. చేశాక ఇక్కడ చెప్పండి.