వాసన రాని బనియన్లలో నానో వెండి: ఒంట్లోకి పోతాదా?

గాజువాక_గుంటడు:
స్టీల్‌ప్లాంటు వైపు ఓ వర్క్‌షాపులో కాంట్రాక్టు పని నాది. మే నెలలో మన వైజాగ్ సంగతి తెలిసిందే కదా, సముద్రం పక్కనే అన్న మాటే గానీ ఉక్కపోతకి బనియన్ పిండితే నీళ్లు కారతాయి. డ్యూటీ దిగి బస్సెక్కితే పక్కవాళ్లు మొహం తిప్పుకుంటున్నారని జగదాంబ దగ్గర వాసన రాని బనియన్లు, డ్రాయర్లు కొన్నాను. అట్ట మీద 'నానో సిల్వర్' అని ఉంది. కొన్నాళ్లకే చంకల్లోనూ నడుం చుట్టూ ఎర్రగా రేగి ఒకటే దురద. మా ఆవిడేమో ఆ వెండి పొడి రక్తంలోకి పోతాది, పారేయమంటోంది. నిజమేనా? మామూలు వాటికి రెట్టింపు పెట్టాను మరి.

బీచ్‌రోడ్డు_బాబు:
అన్నా, వెండి కంచంలో తింటాం, పిల్లలకి వెండి మొలతాడు కడతాం. బనియన్లో ఉంటే ఏటవుద్ది? చెమటకాయలై ఉంటాయి, పౌడరు రాయి.

బట్టలమిల్లు_అక్క:
మొలతాడు గట్టి లోహం తమ్ముడూ, బట్టలో వేసేది 100 నానోమీటర్ల లోపు రేణువులు. ఆ సైజులో బరువుతో పోలిస్తే పైతలం బాగా ఎక్కువ కాబట్టి చెమట తగిలితే తొందరగా కరుగుతాది. చెమటకి వాసన తెప్పించే క్రిముల్ని ఆపేది ఆ కరిగిన వెండే.

ఫినిషింగ్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను కనక చెప్తున్నా. వెండిని రెండు రకాలుగా ఎక్కిస్తారు. పాలిస్టర్ కరిగించి దారం తీసేటప్పుడే కలిపితే లోపల ఉండిపోతాది. తయారైన బట్టని మందు తొట్టిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, స్టెంటర్ అనే మిషన్‌లో వేడికి ఆరబెడితే పైపైన అంటుకుంటాది, ఇది చవక. 2008లో అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు బజార్లో దొరికే సాక్సుల్ని నీళ్లలో ఉతికి చూస్తే, కొన్నింటిలో వెండి నాలుగు ఉతుకులకే దాదాపు మొత్తం పోయింది, కొన్నింటిలో ఇంచుమించు అంతా ఉండిపోయింది. అట్ట చూసి ఏది ఏదో మనకి తెలీదు. యూరప్‌లో 2012 నాటి బయోసైడ్ (క్రిముల్ని చంపే మందుల) చట్టం ప్రకారం క్రిముల్ని ఆపుతుందని చెప్పి అమ్మితే ఏ మందు వాడారో, అది నానోనో కాదో లేబుల్ మీద రాయాలి.

ఇక ఒంట్లోకి పోవడం. చర్మం పైన చచ్చిన కణాల పొర ఉంటాది, అది బాగా ఉన్నంతవరకు దాటేది బహు తక్కువ. ఇటలీలో మనిషి చర్మం ముక్కల మీద చేసిన పరీక్షలో (2009లో అచ్చయింది) మంచి చర్మంలోంచి దాటింది నానోగ్రాముల్లోనే. గీరుకుపోయిన చర్మంలోంచి దానికి అయిదు రెట్లు దాటింది. అదీ తక్కువే, కానీ రేగిన చంకల మీద మాత్రం అవి వేసుకోకండి.

నా అనుమానం అసలు వెండి మీద లేదు. దానికి ఎలర్జీ అరుదు. ఆ బట్ట రంగేంటి?

గాజువాక_గుంటడు:
ముదురు నీలం అక్కా. పాలిస్టరే అనుకుంటా, జారుతాది.

బట్టలమిల్లు_అక్క:
అదే అడుగుదామనుకున్నా. పాలిస్టర్‌కి వేసే డిస్పర్స్ రంగుల్లో నీలం 106, 124 దురదకి పేరుమోసినవి. చెమటకి, రాపిడికి రంగు ఊడి ఒంటికి పట్టేస్తాది. నడుం దగ్గరంటే ఎలాస్టిక్ రబ్బరు కూడా కావచ్చు. కేజీహెచ్ స్కిన్ ఓపీలో గానీ, దగ్గర్లో చర్మం డాక్టరు దగ్గర గానీ ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్నవాటిని పట్టీలతో వీపుకి అంటించి ఏది పడట్లేదో చూసే పరీక్ష) గురించి అడగండి, ఆ బట్ట ముక్క పట్టుకెళ్లండి. వీపుకి అంటించిన పట్టీలు 48 గంటలు తడవకూడదు, చెమట పట్టకూడదు.

బీచ్‌రోడ్డు_బాబు:
కొత్తవి ఓ నాలుగుసార్లు ఉతికేసి వేసుకుంటే సరిపోదా అక్కా?

బట్టలమిల్లు_అక్క:
ఊడేదేదో చాలామటుకు ఊడుతాది, నిజమే. అప్పుడు వెండి గెడ్డలోకి, అట్నుంచి సముద్రంలోకి. చేపలకి, నాచుకి వెండి మనకంటే చాలా ఎక్కువ విషం. పైగా వాసన మళ్లీ మొదలవుతాది, రెట్టింపు పెట్టిందెందుకు మరి? పాలిస్టర్ కంటే నూలు బట్టకే వాసన తక్కువ పడుతుంది. తెల్ల నూలు బనియన్ ఇంకోటి సంచీలో పెట్టుకుని డ్యూటీ దిగాక మార్చుకోండి.

గాజువాక_గుంటడు:
రెండ్రోజులు చెమట పట్టకూడదంటే సెలవు పెట్టాలి, మా కాంట్రాక్టరు ఇప్పుడైతే ఇవ్వడు. వానలు పడ్డాక వెళ్తానక్కా. నీలంవి తీసేశాను, బండి తుడుచుకోడానికి పనికొస్తాయి.